పెళ్లి మండపంలో మీ కెమెరా: ముందురోజు రాత్రే పెట్టుకోవలసిన సెట్టింగులు

కొత్తగా కెమెరా కొన్నవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "ఇంత డబ్బు పెట్టి కొన్నాం. మా చెల్లెలి పెళ్లిలో తీస్తే ఫోనులో తీసినవే బాగున్నాయి. లోపం ఎక్కడుంది?" చాలాసార్లు లోపం కెమెరాలో ఉండదు. ఫోను మీరు అడగకుండానే వరుసగా కొన్ని ఫ్రేములు తీసి, వాటిని కలిపి, దిద్ది ఒక ఫొటోగా చూపిస్తుంది. కెమెరా మీరు పెట్టిన సెట్టింగుల ప్రకారం తీస్తుంది. మీరేమీ పెట్టకపోతే పెట్టెలోంచి బయటికి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తీస్తుంది.

మెనూ తెరిస్తే వంద అంశాలు కనిపిస్తాయి, నిజమే. వాటిలో చాలావాటిని వదిలేయవచ్చు. రంగు కాస్త పచ్చబడితే, ఫొటో కాస్త చీకటిగా వస్తే ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లో దిద్దుకోవచ్చు. కానీ చిన్న సైజులో తీసిన ఫొటో పెద్దదవదు. కదిలి మసకబారిన ముఖం మళ్లీ స్పష్టంగా రాదు. తెల్లగా మాడిపోయిన చీర అంచులో నేత తిరిగి కనిపించదు. అందుకే తరువాత దిద్దుకోలేనివాటిని ముందు పెట్టుకోవాలి. కింది మెట్లలో మొదటి నాలుగూ అటువంటివే, వాటికి ఎక్కువ సమయం ఇవ్వండి.

ఇక్కడ రాసినది లెన్సు మార్చుకునే వీలున్న కెమెరాల గురించి. డీఎస్‌ఎల్‌ఆర్ అయినా మిర్రర్‌లెస్ అయినా పద్ధతి ఒకటే, మెనూలో పేర్లు కొద్దిగా మారతాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

- పూర్తిగా ఛార్జ్ చేసిన బ్యాటరీలు రెండు
- 64 జీబీ మెమరీ కార్డు ఒకటి, అదనంగా మరొకటి. కార్డు మీద యూ3 లేదా వీ30 అని ఉంటే చాలు
- మీ దగ్గరున్న లెన్సు. కెమెరాతో వచ్చిన 18-55 అయినా పని నడుస్తుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 ఉంటే మండపంలో అదే మేలు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది
- ముడతలు లేని తెల్లకాగితం ఒకటి
- ఒక పళ్లెం, గుప్పెడు బియ్యం, సాయానికి ఇంట్లో ఒక మనిషి. ఇవెందుకో ముందుకు వెళితే తెలుస్తుంది

1. కార్డు, గడియారం, వ్యూఫైండర్

కార్డులో పాత ఫొటోలుంటే ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తరువాత కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే కార్డులో ఉన్నవన్నీ పోతాయి, కాబట్టి కాపీ అయిన ఫొటోలు నాలుగైదు తెరిచి చూసుకున్నాకే ఆ బటన్ నొక్కండి.

తేదీ, సమయం సరిచేయండి. ఆ పెళ్లిలో మీ తమ్ముడు కూడా మరో కెమెరాతో తీస్తుంటే రెండింటి గడియారాలూ నిమిషంతో సహా కలవాలి. లేకపోతే అన్నీ ఒకచోట చేర్చినప్పుడు మంగళసూత్రధారణ తరువాత జీలకర్ర బెల్లం వస్తుంది.

వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఒకటి ఉంటుంది. కన్ను పెట్టి చూస్తూ, లోపల కనిపించే అంకెలు స్పష్టపడేదాకా దాన్ని తిప్పండి. బయటి దృశ్యాన్ని కాదు, అంకెలనే చూడాలి. ఫోకస్ సరిగా కుదరడం లేదని బాధపడేవాళ్లు ముందు ఈ చక్రాన్ని చూసుకోవడం మంచిది.

2. ఫొటో నాణ్యత, సైజు

ఇవి రెండూ వేరు వేరు విషయాలు, చాలామంది ఒకటే అనుకుంటారు. సైజు అంటే ఎన్ని పిక్సెళ్లు అన్నది. నాణ్యత అంటే ఆ పిక్సెళ్లను జేపెగ్ ఫైలుగా చేసేటప్పుడు కెమెరా ఎంతగా నొక్కి కుదించాలి అన్నది. నికాన్‌లో రెండింటికీ వేర్వేరు మెనూలుంటాయి. కెనాన్‌లో ఒకే చోట, అక్షరం పక్కన చిన్న గుర్తుతో చూపిస్తారు. పావు వృత్తంలా నున్నగా ఉన్న గుర్తు మంచి నాణ్యతకు, మెట్లు మెట్లుగా ఉన్నది తక్కువ నాణ్యతకు.

సైజును 'ఎల్' (పెద్దది) దగ్గర, నాణ్యతను 'ఫైన్' దగ్గర పెట్టండి. అంతకన్నా పై మెట్టు మీ కెమెరాలో ఉంటే దాన్నే ఎంచుకోండి.

కారణం చెబుతాను. మన పెళ్లి ఆల్బమ్‌లలో బాగా వాడుకలో ఉన్నది 12×36 అంగుళాల సైజు. విప్పితే ఒక్కో పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన ఆ పేజీ నిండా ఒక ఫొటో రావాలంటే 5400×3600 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చేది 6000×4000. అంటే పూర్తి సైజులో తీసినా మిగిలేది కొంచెమే. 'ఎస్' (చిన్నది)లో పెడితే అదే కెమెరా సుమారు 3000×2000 మాత్రమే ఇస్తుంది.

ఈ పొరపాటు నేను చేశాను. మా అక్క కూతురి పెళ్లికి ముందు ఎవరికో త్వరగా పంపడానికని సైజు 'ఎస్'కు మార్చి, మరిచిపోయాను. పెళ్లిలో తీసిన ఐదు వందల పైచిలుకు ఫొటోలూ ఆ సైజులోనే ఉన్నాయి. అప్పగింతలప్పుడు మా అక్క, కూతురి నుదుటి మీద చెయ్యి వేసి నిలబడిన ఫొటో ఒకటి ఉంది. దాన్ని కత్తిరించి పేజీ నిండా వేయించాలనుకున్నాం. వేయిస్తే కనురెప్పలు గీతల్లా అలుక్కుపోయి వచ్చాయి. ఆ ఫొటో ఇప్పటికీ ఆల్బమ్‌లో అరచేయంతే ఉంది.

నాణ్యత తగ్గించినా తేడా తెలుస్తుంది. నికాన్ లెక్కలో ఫైన్ అంటే సుమారు నాలుగో వంతుకు, నార్మల్ ఎనిమిదో వంతుకు, బేసిక్ పదహారో వంతుకు కుదించడం. బేసిక్‌లో తీసిన ఫొటోను పెద్దది చేసి పెళ్లికూతురి పూలజడ అంచులు చూడండి. ఒక్కో మల్లెమొగ్గ చుట్టూ మసక గీతలు, చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. జేపెగ్ ఫొటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి కుదిస్తుంది, అవే బయటపడతాయి.

కార్డు నిండిపోతుందన్న భయం వద్దు. 24 మెగాపిక్సెల్ ఫైన్ జేపెగ్ 10 ఎంబీ అనుకున్నా, 64 జీబీ కార్డులో ఆరు వేల దాకా పడతాయి.

కలర్ స్పేస్ అన్న అంశం కనిపిస్తే ఎస్‌ఆర్‌జీబీ ఉంచండి. అడోబ్ ఆర్‌జీబీ పేరు గొప్పగా ఉంటుంది కానీ, దానికి తగినట్టు ప్రింటు చేసే ఏర్పాటు లేకపోతే రంగులు వెలిసినట్టు వస్తాయి.

3. రా ఫైలు కావాలా, వద్దా?

రా అంటే కెమెరా సెన్సారు పట్టినదాన్ని దిద్దకుండా అలాగే దాచే ఫైలు. నా సమాధానం సూటిగా చెబుతాను. పెళ్లయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫొటో దిద్దే ఓపిక మీకు ఉంటే 'రా ప్లస్ జేపెగ్' పెట్టండి. ఆ ఓపిక లేకపోతే జేపెగ్ చాలు. రా ఒక్కటే మాత్రం పెట్టవద్దు. దాన్ని ఫోనులో వెంటనే పంపుకోవడం కష్టం, ప్రింటు వేసేవాళ్లు కూడా జేపెగ్‌నే అడుగుతారు.

జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ రా ఫైలులో 16,384. మాడిపోయే అంచున ఉన్న పట్టుచీరనో, చీకటిలో పడిపోయిన ముఖాన్నో కొంతవరకు వెనక్కి తెచ్చుకోగలిగేది ఆ తేడా వల్లనే. రా ఫైళ్లు తెరవడానికి కెనాన్ ఇచ్చే డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్ ఇచ్చే ఎన్‌ఎక్స్ స్టూడియో ఉచితమే. రెండు రకాలూ కలిపి తీస్తే ఒక్కో ఫొటోకు 35 నుంచి 40 ఎంబీ దాకా అవుతుంది. అప్పుడు మాత్రం రెండో కార్డు తప్పనిసరి.

4. డయల్, షట్టర్ స్పీడు

ఆకుపచ్చ ఆటో గుర్తు మీద నుంచి డయల్‌ను కదపండి. అక్కడే ఉంచితే కింది మెట్లలో చాలా అంశాలు మెనూలో బూడిద రంగులోనే ఉండిపోతాయి, నొక్కినా తెరుచుకోవు.

మండపంలో తీయడానికి మీరు షట్టర్ ప్రయారిటీ, అంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో మీరే పెట్టే మోడ్, వాడాలని నా సలహా. నికాన్, సోనీ డయల్ మీద 'ఎస్' అని, కెనాన్‌లో 'టీవీ' అని ఉంటుంది. పుస్తకాలలో ఎక్కువగా ఎపర్చర్ ప్రయారిటీతో, అంటే లెన్సు ఎంత తెరుచుకోవాలో మీరు పెట్టే మోడ్‌తో, మొదలుపెట్టమంటారు. అయితే మండపంలో అందరూ కదులుతూ ఉంటారు, వెలుతురు తక్కువ. షట్టర్ స్పీడు మీ చేతిలో ఉంచుకుంటే, కెమెరా తనంతట తానే లెన్సును వీలైనంత తెరిచి, మిగిలిన లోటును ఐఎస్‌ఓతో, అంటే వెలుతురుకు స్పందించే తీవ్రతను పెంచి, పూడ్చుకుంటుంది. మొదట్లో మనకు కావలసింది అదే.

- మంత్రాలు చదువుతుండగా, కూర్చున్నవాళ్లకు: 1/100 (సెకనులో నూరో వంతు)
- జీలకర్ర బెల్లం, అడ్డుతెర తీసే క్షణం: 1/200 నుంచి 1/250
- తలంబ్రాలు: 1/500

1/100 అని ఎందుకు అన్నానంటే, మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. ట్యూబులైట్లు, చాలా రకాల ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతూ మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 1/500లో వరుసగా పది తీస్తే మూడు వెలుతురుగా, నాలుగు చీకటిగా, మిగిలినవి అడ్డంగా చారలతో రావచ్చు. 1/100 లేదా 1/50లో మిణుకు మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా ఫొటోలో పడుతుంది కాబట్టి చారలు రావు. అమెరికాలో పెళ్లి తీస్తున్న మనవాళ్లు ఈ అంకెలు మార్చుకోవాలి. అక్కడ కరెంటు 60 హెర్ట్‌జ్, కాబట్టి 1/125 లేదా 1/60.

తలంబ్రాలకు వేగం తప్పదు కాబట్టి రెండు జాగ్రత్తలు తీసుకోండి. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. మిర్రర్‌లెస్‌లో సైలెంట్ లేదా ఎలక్ట్రానిక్ షట్టర్ ఆఫ్ చేసి, మెకానికల్ షట్టర్ పెట్టండి. రంగులు మారే అలంకరణ ఎల్ఈడీలలో కొన్ని ఏ స్పీడుకూ లొంగవు. అప్పుడు చారలు పడే లైటు వెనకకు వచ్చేలా కాకుండా పక్కకు జరిగి నిలబడండి. వీడియో వాళ్ల లైటు వెలుగు పడే వైపు నిలబడగలిగితే ఇంకా మంచిది, వాళ్ల ఫ్రేముకు అడ్డు రాకుండా.

ఫ్లాష్ వాడదలచుకుంటే స్పీడు 1/200 దాటనివ్వవద్దు. చాలా కెమెరాలలో ఫ్లాష్‌తో కలిసే గరిష్ఠ వేగం 1/200, 1/250 ప్రాంతంలోనే ఉంటుంది.

5. ఐఎస్‌ఓ

ఆటో ఐఎస్‌ఓ ఆన్ చేసి, గరిష్ఠ పరిమితి 6400 పెట్టండి. ఐఎస్‌ఓ పెరిగితే ఫొటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. వాటికి భయపడి 800 దగ్గర ఆపేవాళ్లు ఉన్నారు. అప్పుడు షట్టర్ ప్రయారిటీలో ఫొటో చీకటిగా పడుతుంది, మరో మోడ్‌లో అయితే షట్టర్ నెమ్మదించి ముఖం అలుక్కుపోతుంది. చుక్కలను తరువాత తగ్గించుకోవచ్చు, ప్రింటులో అవి అంతగా కనిపించవు కూడా.

18-55 లెన్సుతో ఒక కిటుకు ఉంది. 18 దగ్గర అది ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది. 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 మాత్రమే, అంటే లోపలికి వచ్చే వెలుతురు సగం కన్నా తక్కువకు పడిపోతుంది. 1600తో వచ్చే ఫొటోకు 4000 కావలసి వస్తుంది. అందుకే మండపం మెట్ల దగ్గర చోటు దొరికితే జూమ్ తిప్పే బదులు రెండడుగులు ముందుకు వేయండి.

6. తెల్లని మధుపర్కాలు, ఎర్రని పట్టు

మన పెళ్లిళ్లలో ఎక్కువ ఫొటోలు చెడిపోయేది ఇక్కడే.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు, చూసినదంతా మధ్యస్థ బూడిద రంగు వెలుగుకు తేవాలని ప్రయత్నిస్తుంది. వధూవరులిద్దరూ తెల్లని మధుపర్కాలు కట్టుకుని ఫ్రేము నిండా కూర్చుంటే, 'ఇక్కడ వెలుతురు ఎక్కువైంది' అని తగ్గించేస్తుంది. ఉతికి ఆరేసిన తెల్లబట్ట మాసినట్టు, ముఖాలు నల్లబడినట్టు వస్తాయి. ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ నొక్కి +0.7 పెట్టండి. వెనక సీరియల్ లైట్ల తోరణం ఉంటే +1 దాకా వెళ్లవచ్చు. రాత్రి ఆరుబయట, వెనకంతా చీకటి ఉన్నప్పుడు దీనికి తలకిందులు. ముఖం తెల్లగా మాడిపోతుంది, −0.7 పెట్టండి.

ఎర్ర పట్టుచీర సంగతి వేరు. పసుపు వెలుతురు కింద ఎరుపు చీరలో ఎరుపు ఒక్కటే పరిమితి దాటిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే గ్రాఫు) చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫొటో పెద్దది చేసి కుచ్చిళ్ల దగ్గర చూడండి: మడతకూ మడతకూ మధ్య నీడ ఉండదు, నేతలోని బుటా కనిపించదు, ఎర్ర రంగు పూసిన అట్టలా ఉంటుంది. అలా వస్తే −0.3 నుంచి −0.7 తగ్గించండి. పిక్చర్ స్టైల్ 'వివిడ్' లేదా 'ల్యాండ్‌స్కేప్'లో ఉంటే 'న్యూట్రల్'కు లేదా 'పోర్ట్రెయిట్'కు మార్చండి. ప్లేబ్యాక్‌లో మూడు రంగులూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు గ్రాఫు కుడి గోడకు అతుక్కుపోలేదని చూసుకోండి.

మాడిన చోట మిణుకుమిణుకుమని చూపించే హైలైట్ హెచ్చరిక కూడా ఆన్ చేయండి. దీపపు మంట, బల్బు మిణుకుతుంటే పట్టించుకోవద్దు. నుదురు, చీర, పంచె మిణుకుతుంటే తగ్గించాలి.

7. వైట్ బ్యాలెన్స్

వైట్ బ్యాలెన్స్ అంటే ఏ లైటు కింద అయినా తెలుపు తెలుపుగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు. మొదట ఆటోలోనే ఉంచండి. పాడవుతున్నట్టు తెలియడానికి ఒక తేలిక గుర్తు చెబుతాను: తలంబ్రాల బియ్యం చూడండి. పళ్లెంలో పసుపుగా ఉన్న బియ్యం ఫొటోలో తెల్లగా కనిపిస్తే కెమెరా పసుపును తీసేసి నీలం కలుపుతోంది. పెళ్లికూతురిని చేసే రోజు, ఫ్రేమంతా పసుపే ఉన్నప్పుడు, ఇది మరీ ఎక్కువ.

అప్పుడు వెలుతురుకు తగిన గుర్తు ఎంచుకోండి. పసుపు బల్బులకు టంగ్‌స్టన్ అంటే సుమారు 3200 కెల్విన్, ఎండకు 5200, మబ్బుకు 6000. రెండు మూడు రకాల లైట్లు కలిసి ఉంటే తెల్లకాగితం తీయండి. మండపంలో వధూవరులు కూర్చునే చోట కాగితం పట్టించి, ఫ్రేము నిండా అదే ఉండేలా ఫొటో తీసి, కస్టమ్ వైట్ బ్యాలెన్స్ మెనూలో ఆ ఫొటోను ఎంచుకోండి. కెనాన్‌లో ఇది చేశాక వైట్ బ్యాలెన్స్ జాబితాకు వెళ్లి కస్టమ్ గుర్తును కూడా ఎంచుకోవాలి. ఈ చివరి పని మరిచిపోయి 'ఏమీ మారలేదే' అనుకునేవాళ్లే ఎక్కువ.

8. ఫోకస్

కూర్చున్నవాళ్లకు సింగిల్ ఫోకస్, నడిచేవాళ్లకు కంటిన్యువస్. కెనాన్‌లో వీటిని వన్ షాట్, సర్వో అంటారు. ముఖం, కన్ను గుర్తించే సౌకర్యం ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఫోకస్ బిందువును ఒక్కదానికే పరిమితం చేసి, దగ్గరి కంటి మీద పెట్టండి. అన్ని బిందువులూ కెమెరాకు వదిలేస్తే అది ముఖానికి ముందున్న బాసికాన్నో పూలదండనో పట్టుకుంటుంది.

బంధువులందరూ నిలబడే గ్రూపు ఫొటోకు మాత్రం ఎపర్చర్ ప్రయారిటీకి మారి ఎఫ్ 5.6 పెట్టండి. మూడు వరుసలుంటే ఎఫ్ 8. ఎఫ్ 1.8లో తీస్తే ముందు వరుసలో పిల్లలు స్పష్టంగా, వెనక తాతగారు మసకగా వస్తారు.

9. ఇవి ఆపేయండి

డిజిటల్ జూమ్, ఫొటో మీద తేదీ ముద్ర, 16:9 ఆకారం. మూడింటిలో ఏది ఆపడం మరిచినా, పోయిన భాగం జేపెగ్‌లో తిరిగి రాదు.

ముందురోజు రాత్రి పరీక్ష

గదిలో లైటు వేసి, ఇంట్లో ఒకరిని పళ్లెంలో గుప్పెడు బియ్యంతో నిలబెట్టండి. వాళ్లు బియ్యం పైకి విసురుతుంటే 1/100, 1/250, 1/500లలో పదేసి ఫొటోలు తీయండి. వాటిని కెమెరా తెర మీద పూర్తిగా పెద్దవి చేసి మూడు విషయాలు చూడండి: గింజలు గింజలుగా ఉన్నాయా, గీతలయ్యాయా? గోడ మీద అడ్డ చారలు ఉన్నాయా? కనుపాప స్పష్టంగా ఉందా? తరువాత రెండు ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచి పిక్సెళ్ల కొలత చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరాకు 6000×4000కు అటూ ఇటూ ఉంటే రెండో మెట్టు సరిగా కుదిరినట్టే.

మండపం దగ్గరకు ముహూర్తానికి గంట ముందే వెళ్లి, పీటల మీద ఎవరినైనా కూర్చోబెట్టి ఇదే పరీక్ష ఐదు నిమిషాలు చేయండి. తెల్లవారుజాము ముహూర్తమైతే వెలుతురు కార్యక్రమం మధ్యలోనే మారుతుంది. సూర్యుడు రాగానే వైట్ బ్యాలెన్స్ తిరిగి ఆటోకు తేవాలి.

తరచుగా వచ్చే ఇబ్బందులు

తెర మీద వెలుతురుగా ఉంది, కంప్యూటర్‌లో చీకటిగా ఉంది: చీకట్లో తెర కంటికి ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. తెర వెలుగును మధ్యలో స్థిరంగా ఉంచండి, తెరను కాక హిస్టోగ్రామ్‌ను నమ్మండి.

స్టెబిలైజర్ ఆన్‌లోనే ఉంది, అయినా మసక: అది మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటివాళ్ల కదలికను కాదు. షట్టర్ స్పీడు పెంచండి.

వరుసగా తీస్తుంటే మధ్యలో ఆగిపోతోంది: కార్డు మీదికి రాయడం పూర్తికాలేదు. కెమెరా మీద కార్డు లైటు ఆరేదాకా కార్డు తీయవద్దు, బ్యాటరీ కూడా తీయవద్దు. తలంబ్రాల సమయానికి రా ఆపి జేపెగ్ ఒక్కటే ఉంచితే ఎక్కువసేపు తీయగలరు.

అందరికీ పంపిన ఫొటోలు నాసిగా ఉన్నాయి: వాట్సాప్ ఫొటోగా పంపితే కుదించి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపండి. ఆల్బమ్‌కు ఇచ్చేవాటిని మాత్రం కార్డు నుంచి పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా వేసి ఇవ్వండి.

నిన్న బాగున్న కెమెరా ఈరోజు అన్నీ తెల్లగా తీస్తోంది: మధుపర్కాలకు పెట్టిన +0.7 అలాగే ఉండిపోయింది. కెమెరా ఆపినా అది చాలా కెమెరాలలో సున్నాకు రాదు. ఇంటికి రాగానే దాన్ని సున్నాకు, వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకు తెచ్చి, ఫొటోలను రెండు వేర్వేరు చోట్ల కాపీ చేయండి. రెండు కాపీలూ తెరిచి చూసేదాకా కార్డును ఫార్మాట్ చేయవద్దు.